ముఖమల్ గుడ్డ కింద నాలుగు వేళ్ళు

నేను ఒక ఫోటోని. హాల్లో గోడకి వేలాడే రకం. నాకున్న పెద్ద భయమేమిటో ముందే చెప్పేస్తాను, ఆలస్యం చేస్తే చెప్పే ధైర్యం ఉండదు. జమ్మివలసలో లిఖిత అనే మూడేళ్ళ పిల్ల ఉంది. నా మూలంగా ఆ పిల్ల వాళ్ళమ్మ చేతికి అందకుండా పోయిందేమోనని నా భయం. అలా ఏం జరగలేదమ్మా అని ఎవరైనా ఒక్క మాట చెబితే చాలు. పంతొమ్మిది రోజులయింది, ఎవరూ చెప్పలేదు.

ఫోటోకి భయమేమిటి, మేకు ఊడితే కింద పడతానని తప్ప, అనుకుంటారు కాబోలు. అనుకోండి. నన్ను చూసినవాళ్ళు నా గురించి ఎప్పుడూ సరిగ్గా అనుకోలేదు.

నాలో ఏముందో చెబుతాను. పెద్ద సింహాల కుర్చీ. దాని మీద పైనుంచి కిందిదాకా ముఖమల్ గుడ్డ. మధ్యలో జరీ తలపాగా, మెడనిండా ముత్యాలతో ఒక బాబు. కింద సన్నటి అక్షరాల్లో 'నాగగిరి యువరాజా వారు, నాలుగవ మాసము' అని ఉంటుంది. చూసిన ప్రతివాళ్ళూ ఒకే మాట అంటారు, "ఎంత హుందాగా కూర్చున్నాడో, రాజరక్తం కదా!" అని. నాలుగు నెలల పిల్లాడు కూర్చోడండీ. ఈ సంగతి పిల్లల్ని ఎత్తుకున్న ప్రతి మనిషికీ తెలుసు. తెలిసినా, గోడ మీద బంగారు ఫ్రేములో ఉండేసరికి ఎవరికీ గుర్తు రాదు.

నేను పుట్టి నూట ఇరవై ఏళ్ళు దాటింది. మొదట గాజు పలకని. రాజావారికి వారసుడు పుట్టాడని కలెక్టరు కచేరీకి రుజువు పంపాలని దివానుగారు మద్రాసు నుంచి ఫోటోగ్రాఫరుని పిలిపించారు. ఇక్కడ ఒక చిక్కొచ్చింది. రాణీగారికి ఘోషా. పరాయి మగవాడి ముందుకి రాకూడదు. బాబేమో ఒక్కడూ నిలవడు. పట్టుకోవలసింది పాలదాది సన్నెమ్మ. కానీ దాది వెళ్ళి సింహాసనంలో కూర్చున్నట్టు ఫోటోలో పడితే కలెక్టరుగారేమనుకుంటారు?

"దాది ఉండాలి, కనబడకూడదు," అన్నారు దివానుగారు.

పెద్దవాళ్ళు ఇలాంటివి భలే సులువుగా చెప్పేస్తారు. సన్నెమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, తలమీంచి ముఖమల్ కప్పి, ఆమె ఒళ్ళో బాబుని పెట్టారు. బాబు నడుముని పట్టుకోవడానికి గుడ్డలో చిన్న చీలిక చేశారు. తెర వెనకనుంచి రాణీగారు, "వాడు జారిపోతాడేమో చూడవే సన్నీ!" అని ఒకటే గాబరా. ఫోటోగ్రాఫరు, "ఎనిమిది అంకెలు లెక్కపెడతాను. అంతదాకా కదలకూడదు. ఊపిరి కూడా మెల్లగా," అన్నాడు.

సన్నెమ్మకి పంతొమ్మిదేళ్ళు. మిషను బడిలో రెండో తరగతి దాకా చదివింది. అక్షరాలు కుదురుకుంటున్నాయి అనుకుంటుండగానే చేతిలో పలక తీసుకుని చంకలో తమ్ముణ్ణి పెట్టారు. ఆ తరవాత ఆ చంక ఎప్పుడూ ఖాళీగా లేదు. ఆమెకి రెండు నెలల కూతురుంది. కోట నియమం ఏమిటంటే యువరాజు తాగిన తరవాతే దాది బిడ్డకి పాలు. ఆ పిల్లని సన్నెమ్మ తల్లి ఒళ్ళో పెట్టుకుని దేవిడీ గుమ్మం బయట కూర్చుంది.

ఫోటోగ్రాఫరు కెమెరా మూత తీసి "ఒకటి" అన్నాడు. గుమ్మం బయట పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. "రెండు. మూడు." ఏ పిల్ల ఏడుపో తల్లికి వేరే చెప్పక్కర్లేదు. "నాలుగు. అయిదు." కదలకూడదు. బాబు పడిపోతాడు. గుడ్డ కింద ఉక్క. "ఆరు." ఏడుపు వింటే చన్ను ఊరుకోదు కదా, పాలు దానంతటవే వచ్చేశాయి. రవికె తడిసింది. ముఖమల్ తడిసింది. "ఏడు. ఎనిమిది." మూత పెట్టేశాడు.

నాకు తెలిసింది ఆ ఎనిమిది అంకెలే. ఆ తరవాత ఆమె లేచి పరుగెత్తిందో, ఇంకొకటి తీయాలి కూర్చోమన్నారో, గుమ్మం బయట పిల్ల ఏమయిందో నాకు తెలీదు. నాలోకి వచ్చినవి రెండే గుర్తులు. చీలికలోంచి బాబు నడుము మీదికి వచ్చిన నాలుగు వేళ్ళు. ముఖమల్ మీద అరచేయంత నల్లటి మరక. ఫోటోగ్రాఫరు తరవాత కుంచె పట్టుకుని వేళ్ళని నడుముకి కట్టిన జరీ పటకా గీతల్లా కనిపించేలా దిద్దాడు గానీ, గోళ్ళు దిద్దడం మరిచిపోయాడు. మరకనైతే నీడ అనుకుని వదిలేశాడు.

నా గొంతు ఎవరిదని అడుగుతారేమో. యువరాజుది కాదు. నాలుగు నెలల పిల్లాడికి మాటలెక్కడివి? నాలో మాటలొచ్చిన మనిషి ఒక్కతే. అందుకే రెండో తరగతి చదువుతో, పిల్ల ఏమయిందో అన్న బెంగతో మాట్లాడుతున్నాను. తప్పులుంటే దిద్దుకోండి.

గాజు పలకగా నేను ఒక చెక్కపెట్టెలో చాలా కాలం పడుకున్నాను. రాజ్యాలు పోయాయట, రాజభరణాలు పోయాయట, పెట్టెలో ఉన్నవాళ్ళకి అవేమీ తెలియవు. చివరికి ఎవరో ఆ పెట్టెని విశాఖపట్నంలో ఒక ప్రింటింగు షాపుకి చేర్చారు. పాత రాజుల ఫోటోలు పెద్దవి చేసి, ఇళ్ళలో అలంకరణకి అమ్మడం వాళ్ళ వ్యాపారం. జనానికి రాజుల మీద ఇంత మోజు రాజులు ఉన్నప్పుడు కూడా లేదేమో.

అక్కడ కంప్యూటరు ముందు కూర్చునే నడివయసాయన నన్ను శుభ్రం చేశాడు. గీతలు తీశాడు, పగిలిన మూల అతికాడు. నడుము దగ్గర ఆగిపోయి, "సార్, ఇక్కడ వేళ్ళలా ఉన్నాయండి," అన్నాడు.

"వేళ్ళేమిటయ్యా, జరీ అయ్యుంటుంది. ఆ మరక చూడు, అసహ్యంగా ఉంది. అది తీసేసి ప్రింటుకి పంపు," అన్నాడు షాపు యజమాని.

ఆయన మరక తీసేశాడు. రెండు నిమిషాల పని. సన్నెమ్మ కూతురు ఈ లోకంలో ఉన్నట్టు మిగిలిన ఒకే ఒక్క గుర్తు అది. నేను అరవలేదు. నాకు నోరు లేదని చెప్పుకోవచ్చు. కానీ నోరున్నవాళ్ళు కూడా ఇలాంటప్పుడు అదే చెప్పుకుంటారు కాబట్టి, నాకు ఆ సాకు చెప్పడానికి సిగ్గుగా ఉంది.

అలా మచ్చలేని ఫోటోనై మైథిలి ఇంటికి వచ్చాను.

మైథిలికి కొత్త ఫ్లాటు, కొత్త బిడ్డ. బిడ్డని చిన్నూ అంటారు. హాలుకి 'రాయల్ లుక్' రావాలని నాతోపాటు ఇంకో నలుగుర్ని తెచ్చింది. చచ్చిన పులి మీద కాలు పెట్టిన ఒక రాజు, ఏనుగు అంబారీ, ఎక్కడో ఉత్తరాది రాణులిద్దరు. మేం అయిదుగురం ఒకళ్ళకొకళ్ళం ఏమీ కాం. అయినా ఒకే కుటుంబంలా వరసగా నిలబెట్టారు. మొదట్లో చుట్టాలు "వీళ్ళెవరు?" అంటే మైథిలి భర్త కార్తికేయ నవ్వి, "ఊరికే, డెకరేషన్‌కి," అనేవాడు. రెండు నెలలయ్యాక, "మా ముత్తాతగారి వైపు..." అని ఆపేయడం మొదలుపెట్టాడు. వాళ్ళ ముత్తాతగారు అనకాపల్లిలో బెల్లం దళారీ అని అతని తల్లే వంటింట్లో చెప్పగా విన్నాను. ఆవిడకి మేం నచ్చలేదు.

"ముక్కూ మొహం తెలీని చచ్చిపోయినవాళ్ళందరినీ గోడకెక్కించి, వాళ్ళెదురుగా పిల్లాణ్ణి పడుకోబెడతావా మైథిలీ?"

"అది ఆర్ట్ అత్తయ్యా."

"ఏ ఆర్టో. దండెయ్యకుండా ఉంచావు, అదే పదివేలు."

మైథిలి చెడ్డమనిషి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. పిల్లాడు నిద్రలో మరీ కదలకుండా ఉంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. పాలు చాలడం లేదని స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేది. ప్రసవం సెలవు అయిపోగానే మళ్ళీ ఉద్యోగంలో చేరాలి. చిన్నూని ఎవరి చేతికిచ్చినా ఆమెకి నమ్మకం కుదిరేది కాదు, సూరీడమ్మ వచ్చేదాకా.

సూరీడమ్మకి ఇరవై నాలుగేళ్ళు. ఊరు జమ్మివలస. తొమ్మిదో తరగతిలో ఉండగా పెళ్ళిచేశారు. మొగుడు పనికని ఎటో వెళ్ళి తిరిగి రాలేదు. కూతురు లిఖితని తల్లి దగ్గర వదిలి ఆయాగా చేరింది. చిన్నూని చేతిలోకి తీసుకుంటే వాడు ఏడుపు మధ్యలో ఆపేసేవాడు. పొద్దున్నే స్నానం చేయించి, కాటుకతో బుగ్గ మీద దిష్టిచుక్క పెట్టేది. పెట్టి, అదే వేలితో నా గాజు మీద యువరాజు బుగ్గకీ ఒక చుక్క పెట్టేది.

"వాడికెందుకు సూరీడమ్మా?" అని మైథిలి నవ్వింది.

"ఈ బాబుని ఒచ్చినోలందరూ సూస్తన్నారు కదమ్మా. దిష్టి తగల్దేటి?"

ఒకరోజు నన్ను తుడుస్తూ ఆగిపోయింది. మొహం దగ్గరగా పెట్టింది.

"అమ్మా, ఈ గుంటడిని ఎవులో పట్టుకున్నారమ్మా."

"ఎవరూ లేరే. ఒక్కడే కూర్చున్నాడుగా."

"ఈ ఈడుకి కూకుంటాడేటి? మన సిన్నూబాబు కూకుంటన్నాడా? ఇటు రండి, నడుం కాడ సూడండి. ఏల్లు."

మైథిలి వచ్చి చూసింది. "అది జరీ డిజైను సూరీడమ్మా."

"జరీకి గోల్లుంటాయేటమ్మా?"

మైథిలి ఇంకోసారి చూసి, లోపలికి వెళ్ళిపోయింది. సూరీడమ్మ మాత్రం అక్కడే నిలబడింది. ఇంట్లో వేరే ఎవరూ లేరని చూసుకుని, గాజు మీద ఆ నాలుగు వేళ్ళు ఉన్నచోట తన వేళ్ళు ఆనించి, మెల్లిగా అడిగింది.

"ఏటప్పా, నీ గుంట ఎలగున్నాది?"

నూట ఇరవై ఏళ్ళలో సన్నెమ్మ పిల్ల ఎలా ఉందని అడిగిన మొదటి మనిషి ఆమె. కలెక్టరు అడగలేదు, దివాను అడగలేదు, ఆ షాపువాళ్ళు అడగలేదు. ఆ తరవాత రోజూ తుడిచేటప్పుడు అదే అడిగేది, పక్కింటావిడని పలకరించినట్టు. ఆ వెంటనే వాళ్ళమ్మకి ఫోను చేసేది. "లిఖిత తిన్నాదా? ఏటి తిన్నాది? దానికియ్యే, ఒకసారి మాటాడుతాను." అటునుంచి చిన్న గొంతు ఏదేదో చెప్పేది. ఆ కబుర్ల వల్లనే నాకు లిఖిత తెలుసు. కుడి కనుబొమ్మ మీద పడిన గాటు తెలుసు. కోడిపెట్టని 'అత్తా' అని పిలుస్తుందని తెలుసు. అంబలి వద్దని మూతి బిగిస్తుందని తెలుసు.

ఇక నా తప్పు దగ్గరికి వచ్చాను.

చిన్నూకి అయిదో నెల వచ్చేసరికి మైథిలికి ఒక కోరిక పుట్టింది. చిన్నూని కూడా సరిగ్గా నాలో ఉన్నట్టే ఫోటో తీయించాలని. అదే కుర్చీ, అదే ముఖమల్, అదే తలపాగా. అన్నప్రాశనకి కార్డు మీద వేయించి అందరికీ పంపాలట. నేను గోడమీద లేకపోతే ఆమెకి ఆ ఆలోచన వచ్చేది కాదు. ఎన్నిసార్లు ఎలా తిప్పి చూసుకున్నా ఈ మాట నా దగ్గరికే వచ్చి ఆగుతోంది.

ఫోటోలు తీసే అమ్మాయి దీపాలూ గొడుగులూ సామానంతా తెచ్చింది. మే నెల. దీపాలకి అడ్డంగా తెర ఊగుతోందని ఏసీ ఆపేశారు. చిన్నూని కుర్చీలో పెడితే పక్కకి ఒరిగిపోతున్నాడు. ఆ అమ్మాయి నన్ను ఒకసారి, పిల్లాణ్ణి ఒకసారి చూసి, సూరీడమ్మతో, "అక్కా, మీరు కుర్చీలో కూర్చోండి. మీ మీద క్లాత్ కప్పేసి బాబుని ఒళ్ళో పెడతాం. తరవాత ఎడిటింగ్‌లో తీసేస్తాను," అంది.

"నన్నేటి తీసీడం?" అంది సూరీడమ్మ.

"మిమ్మల్ని కాదక్కా, మీ చేతుల్ని."

"సేతులు తీసీస్తే నాకు ఎవులు పనిస్తారమ్మా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే కూర్చుంది. తలమీంచి గుడ్డ పడబోయేముందు నావైపు చూసింది. ఒక్క క్షణం నవ్వు ఆగింది. అప్పుడే ఆమె ఫోను మోగింది, చిన్నూ ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. "అయ్యో, ఫోను సైలెంట్‌లో పెట్టండి ప్లీజ్," అంది ఫోటోల అమ్మాయి. మైథిలి ఫోను తీసుకుని, ఎవరని చూడకుండానే నొక్కేసి, మోగకుండా చేసి టీపాయి మీద పెట్టింది. నాకు సరిగ్గా ఎదురుగా.

టీపాయి మీద ఫోను వెలిగింది. 'అమ్మ' అని వచ్చింది. ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. ఫోటోల అమ్మాయి "బాబూ, ఇటు ఇటు" అని గిలక్కాయ ఆడిస్తోంది. మైథిలి "తలపాగా జారుతోంది" అంటోంది. గుడ్డ కింద నుంచి "పరవాలేదమ్మా, నాను పట్టుకున్నాను" అన్న గొంతు. ఫోను మళ్ళీ వెలిగింది. సూరీడమ్మ తల్లి ఊరికే చేసే మనిషి కాదు. కూతురే చేస్తుంది, ఆవిడ తీస్తుంది, అంతే. ఆవిడే చేస్తోందంటే, అదీ పదకొండుసార్లు చేస్తోందంటే, అక్కడ పిల్లకేదో అయివుండాలి. ఆ ఎనిమిది అంకెల్లాగే ఇక్కడా లెక్కపెడుతూ ఉండిపోయాను. మేకు ఊడి పడినా బాగుండేది. చప్పుడుకి అందరూ తిరిగి చూసేవాళ్ళు, ఫోను కనిపించేది. ఇంతకాలం పడిపోతానని భయపడ్డదాన్ని, పడవలసినప్పుడు పడలేదు.

యాభై నిమిషాలు పట్టింది.

గుడ్డ తీశాక సూరీడమ్మ మొహం ఉడికిపోయి ఉంది. చెమటకి ముఖమల్ నూగు జుట్టుకి అంటుకుంది. ముందు చిన్నూ చొంగ తుడిచింది. వాణ్ణి తల్లి చేతిలో పెట్టింది. తరవాత ఫోను అందుకుంది.

"ఏటే అమ్మా... ఎప్పుడు నుంచి? కళ్ళు తిప్పీసిందేటి? ఎన్నిసార్లు ఒచ్చింది ఫిట్సు? మరి ఆస్పత్రికి పట్టుకెల్లలేకపోయావా... నన్నడగడానికేటే, నన్నడగడానికేటి ఉన్నాది, ఎల్లిపోవాలి గానీ..."

జ్వరం పొద్దున్న మొదలయిందట. ఫిట్సు వస్తే, పట్నం ఆస్పత్రికి తీసుకుపోవాలా, ఊళ్ళో సూదిమందు వేయించాలా అని ఆవిడ కూతుర్ని అడగాలనుకుంది. ఎప్పుడూ అంతే, ఆ పిల్ల విషయంలో ఏదైనా కూతుర్ని అడగకుండా చేసేది కాదు. జవాబు కోసం యాభై నిమిషాలు చూసింది.

కార్తికేయ కారు తీశాడు, బస్టాండుకి దింపుతానని. గుమ్మం దగ్గర మైథిలి "సూరీడమ్మా, నేను చూడలేదు... నేను ఊరికే..." అంది. సూరీడమ్మ తిరిగి, "బాబుకి పాలు సల్లారీసినాను, పట్టండి," అని వెళ్ళిపోయింది. కోపంగా అనలేదు. అదే మైథిలిని తినేస్తోంది. నన్ను కూడా.

ఫోటో చాలా బాగా వచ్చింది. ఫ్రేము కట్టించి నా పక్కనే వేలాడదీశారు. చిన్నూ నిటారుగా, ఒంటరిగా, హుందాగా కూర్చున్నాడు. నేను రోజంతా వెతుకుతుంటాను. ఎక్కడా ఒక వేలు లేదు, గోరు లేదు, ముఖమల్ మీద ఎత్తు కూడా లేదు. ఆనాటివాళ్ళు నాలుగు వేళ్ళయినా మరిచిపోయి వదిలేశారు. వీళ్ళు ఏమీ మరిచిపోలేదు. చుట్టాలు వచ్చి, "అచ్చం ఆ రాజాగారిలాగే ఉన్నాడే!" అంటారు. కార్తికేయ ఇప్పుడు ముత్తాతగారి మాట ఎత్తడం లేదు.

మైథిలి రోజూ ఫోను చేతిలోకి తీసుకుంటుంది. సూరీడమ్మ పేరు దాకా వెళుతుంది. నొక్కుతుంది. అటు మోగేలోపే ఆపేస్తుంది. అత్తగారు ఒకసారి గట్టిగానే అంది, "చేసి కనుక్కోవచ్చుగా. ఆ పిల్ల ఎలా ఉందో ఏమో."

"చేస్తాను అత్తయ్యా. రేపు చేస్తాను. ఒకవేళ... ఏమైనా వినాల్సివస్తే..."

అని, చిన్నూని గట్టిగా హత్తుకుంది. వినకుండా ఉన్నంతసేపూ ఆ పిల్ల బాగానే ఉన్నట్టు. నేను ఆమెని తప్పుపట్టలేను. నూట ఇరవై ఏళ్ళుగా నేనూ సన్నెమ్మ కూతురి గురించి అలాగే అనుకుంటూ బతికాను. ఆ ఎనిమిది అంకెల తరవాత పిల్ల పాలు తాగిందనే అనుకుంటాను. తాగలేదని ఎవరూ చెప్పలేదు కదా.

కొత్త ఆయా వచ్చింది. మంచిదే. గాజు తుడవదు, దిష్టిచుక్క పెట్టదు. యువరాజు బుగ్గ మీద సూరీడమ్మ పెట్టిన ఆఖరి చుక్క ఇంకా ఉంది, చిన్నగా ఎండిపోయి. చిన్నూ పడుకున్నచోటినుంచి ఒక్కోసారి ఆ చుక్కవైపే చూస్తాడు.

నా తరఫున అడగడానికి ఇంకెవరూ లేరు కాబట్టి, ఇంతసేపు నా మాట విన్నారు కాబట్టి, మిమ్మల్నే అడుగుతున్నాను. మీలో ఎవరైనా అటువైపు వెళితే జమ్మివలసలో దిగండి. బడి వెనక సందు, చివర నీలం తలుపు అని ఆ ఫోను కబుర్లలోనే విన్నాను. వాకిట్లో కోడిపెట్ట ఉంటుంది, పేరు అత్త. పెద్దగా ఏమీ మాట్లాడక్కర్లేదు. క్షమాపణలు చెప్పక్కర్లేదు, అవి మేం చెప్పుకోవాలి. తలుపు కొట్టి, సూరీడమ్మ బయటికి వస్తే ఆమె చంకవైపు చూడండి. కుడి కనుబొమ్మ మీద గాటున్న పిల్ల అక్కడ ఉందో లేదో చూసి, నాకు చెప్పండి.